గట్టు మీది టెంకాయ చిప్ప

మునివెంకటమ్మత్త దేవుడికి దండం పెట్టదు. తమిళనాడు అంచున, జవళగిరి దాటి అడవి వైపు పోతే ఆఖరున వచ్చే ఊరు మాది. మా చేలు అయిపోయిన చోట అడవి మొదలవుతుంది. ఇంత అడవిని పక్కన పెట్టుకుని దండం పెట్టకుండా బతకాలంటే చాలా గుండె కావాలి, నాకైతే అంత లేదు.

అలాగని ఆవిడ గుడి వైపు రాదని కాదు. మారెమ్మ పండగకి గుడి ముందు పేడనీళ్ళు చల్లేది ఆవిడే. పొంగలి గుండిగ దించాలంటే ఆవిడ చెయ్యి పడాల్సిందే. తీరా పూజారి కర్పూరం వెలిగించే వేళకి, "మేకలు కట్టు తెంచుకొన్నట్లుండాయి" అంటూ బయటికి నడుస్తుంది. మేకలు కట్టిన చోటే ఉంటాయి. ఈ సాకు వాటికీ అలవాటైపోయింది.

నా పేరు రేణు, ఈ ఊరి అంగన్‌వాడీ టీచర్ని. మా ఇల్లూ అత్త ఇల్లూ ఒకే గోడకి అటూ ఇటూ. నాకు భక్తి ఎంతుందో చెప్పలేను గానీ అలవాటు మాత్రం ఉంది. పొద్దున స్నానం కాగానే చేతులు వాటంతట అవే కలుస్తాయి. అందుకే అత్త చేతులు ఎందుకు కలవవో తెలుసుకోవాలని చిన్నప్పటి నుంచీ నాకు ఒకటే కుతూహలం.

ఊరివాళ్ళ దగ్గర కారణాలకి కరువు లేదు. మొగుడు పోయాడని దేవుడి మీద అలిగిందని కొందరంటారు. అది తప్పు. మామ పోయాక కూడా ఆవిడ చంటిబిడ్డని ఎత్తుకుని మాదప్ప దేవుడి కొండకి పోయి వచ్చింది. దొంగతనంగా వేరే మతంలో కలిసిందని ఇంకొందరు. అత్తకి దొంగతనంగా ఏ పనీ చేతకాదు. ఆవిడ దగ్గితే వీధి చివర కుక్క లేస్తుంది.

ఒకసారి ఎలక్షన్లప్పుడు దేవుడు లేడనే పార్టీ మనిషి ఒకాయన ఊళ్ళోకి వచ్చాడు. అత్త సంగతి ఎవరో ఆయన చెవిన వేశారు. ఆయన వచ్చి అరుగు మీద కూర్చుని, అత్త ఇచ్చిన మజ్జిగ తాగి, మీలాంటివాళ్ళు ఊరికొకరుంటే చాలమ్మా, దేవుడు లేడని సొంతంగా తెలుసుకున్నారు అని తమిళంలో మెచ్చుకున్నాడు.

"లేడని ఎవురు చెప్పినారప్పా?" అంది అత్త. "ఉండాడు. చెప్తే వింటాడు కూడా. అందుకే నేను చెప్పను."

ఆయన ఇంకో గ్లాసు మజ్జిగ తాగి, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఆ మాట పట్టుకుని చాలా కాలం తిరిగాను. వినకపోతే కదా ఎవరైనా అడగడం మానుకునేది? వింటాడని మానుకోవడమేమిటి? అడిగితే అత్త, "నీ అంగన్‌వాడీ బిడ్డలు ఏడుస్తాండారు, పో" అనేది.

దీపావళి దాటి రాగి వెన్నులు ముదిరే వేళకి కర్ణాటక అడవుల్లోంచి ఏనుగుల మంద మా వైపు దిగుతుంది. ఆ రోజుల్లో మావాళ్ళు ఏనుగు అనే మాట నోట రానివ్వరు, సామి అంటారు. సామి అడవి అంచు కందకం దాటినాడంట, సామి ఫలానా వాళ్ళ అరటి తిన్నాడంట, ఇలా. మంద ఎంత పెద్దదైనా సామి ఒక్కడే. పూర్వం పలక డప్పు కొట్టి చెప్పుకునేవాళ్ళు, ఇప్పుడు వాట్సాప్ గ్రూపు ఉంది. మంద ఎక్కడుందో మెసేజ్ రాగానే కింద అందరూ వరసగా దండం బొమ్మలు పెడతారు. ఆ దండాలు దేవుడికో, సామికో, మెసేజ్ పెట్టినవాడికో నాకు ఇప్పటికీ తెలియదు.

అడవి అంచున ఒక రాయి ఉంది. వినాయకుడు అంటారు. తొండం ఎక్కడుందో చూపించమంటే ఎవరూ చూపించలేరు. సామి వచ్చాడన్న మొదటి కబురు అందిన సాయంత్రం ఇంటికొక టెంకాయ ఆ రాతి దగ్గర కొట్టాలి. ఒక చిప్ప రాతి ముందు, ఇంకో చిప్ప ఎవరి చేని గట్టు మీద వాళ్ళు పెట్టుకోవాలి. కోరిక చెప్పేది ఇంటికి పెద్దవాళ్ళు. చిన్నవాళ్ళు చెప్పాలంటే పెద్దవాళ్ళు తమ చేత్తో టెంకాయ ఇచ్చి పంపాలి. కోరిక అందరిదీ ఒకటే, నా చేను విడిచిపెట్టు అని. దాన్ని ఎవరూ పైకి చెప్పరు. పక్కనే నిలబడ్డవాడు పక్క చేనివాడు కదా మరి.

మునివెంకటమ్మత్త ఇంటి నుంచి మాత్రం టెంకాయ రాదు. నాకు ఊహ తెలిశాక ఒక్క ఏడూ రాలేదు. చిత్రమేమంటే, ఊళ్ళో ఎవరి చేనుకి దెబ్బ తగిలినా ఆవిడ చేనుకి పెద్దగా తగల్లేదు. అడగనివాళ్ళంటేనే దేవుడికి ఇష్టమని ఎవరైనా ఎగతాళి చేస్తే అత్తకి ఎక్కడలేని కోపం వచ్చేది.

ఇంకో చిత్రం కూడా ఉంది. ప్రతి ఏడూ టెంకాయలు కొట్టిన మర్నాడు ఆవిడ గట్టు మీద, పక్కనున్న ఓబయ్య చేనుకి ఆనుకున్న వైపు, ఒక టెంకాయ చిప్ప కనిపించేది. అత్త దాన్ని చూడగానే ముఖం మాడ్చుకుని, తీసి మేకలకి వేసేది. ఒకసారి నేను పక్కనే ఉన్నాను.

"ఎవురు పెట్టినారత్తా?"

"కాకి."

"కాకి అంత చిప్ప మోస్తాదా?"

"ఈడ కాకులు బలంగా ఉంటాయి."

ఈ ఏడు వేసవిలో అత్త కొడుకు ప్రసాదుకి మత్తూరు పక్క పిల్ల నళినితో పెళ్ళయింది. ప్రసాదు హోసూరులో ఒక కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. పెళ్ళయిన కొత్తలోనే, హోసూరులో ఇల్లు తీసుకుందాం రా అన్నాడు. నళిని రానంది. ఆ పిల్లకి మట్టిలో చేతులు పెడితేనే అన్నం అరుగుతుంది. అత్తతో కలిసి రాగి నారు నాటింది, కలుపు తీసింది, గట్టు పొడుగునా అనపగింజలు పెట్టింది. సరే, ఈ ఒక్క పంట చూద్దాం, సామి తినిపోయాడంటే మాత్రం సేద్యం చాలించి హోసూరు వచ్చేయాలి అని ప్రసాదు మాట తీసుకున్నాడు. అందుకని ఆ చేను నిలవడమంటే నళినికి తను ఈ ఊళ్ళో నిలవడమే.

మత్తూరు వైపు ఏనుగుల బెడద లేదు. ఉన్నట్టుండి ఒక మధ్యాహ్నం గ్రూపులో మెసేజ్ వచ్చేసరికి నళిని ముఖంలో నెత్తురు లేదు. వెంటనే అంగడికి పరిగెత్తి టెంకాయ తెచ్చింది. కడిగి, పసుపు పూసి, అత్త ముందు పెట్టింది.

"మీ చేత్తో ఇయ్యండత్తా. నేను పోయి కొడతాను."

"ఇయ్యను."

గోడ అవతల నుంచి నాకు ఈ రెండు మాటలూ వినిపించాయి. నేను వెళ్ళేసరికి ఆ పిల్ల కళ్ళ నిండా నీళ్ళు.

"చూడక్కా," అంది నాతో. "ఈమె దండం పెట్టకపోతే పోనీ, ఈమె ఇష్టం. నా నోరు ఎందుకు కట్టేయాల? చేను పోతే హోసూరులో ఆ రూములో కూర్చొని ఏమి చేసేది నేను?"

అత్త టెంకాయని పక్కకి నెట్టింది. ఇన్నేళ్ళు నేను తవ్వినా బయటపడని మాట, కోడలి కన్నీళ్ళకి బయటికి వచ్చింది.

"ప్రసాదు సంకలో బిడ్డ," అంది. "సందకాడ చేన్లో ఒక్కతినే ఉండాను. కందకం ఆ పక్కన సామి నిలబడినాడు. ఒకటా రెండా, మందకి మంద. నాకు నోట్లో తడి లే. సామీ, నా చేన్లోకి వద్దు, అట్ల పో అని మొక్కుకొన్నాను. ఊరికే మొక్కుకొంటే పోనీలే, చెయ్యి కూడా చూపిచ్చినాను."

ఆవిడ కుడిచెయ్యి పక్కకి చాచింది. ఆ పక్క ఎవరి చేను ఉందో నాకు తెలుసు.

"ఓబయ్య చేనా?" అన్నాను.

"సామి చెప్పిన మాట విన్నాడమ్మా. తిరుక్కొని అట్లే పోయినాడు. తెల్లారి చూస్తే ఓబయ్యన్న చేన్లో ఒక్క వెన్ను లే. తినేదానికి గింజ లేక వాళ్ళు ఇల్లు మూసి హోసూరు పక్క రోజా తోటల్లో కూలికి పోయినారు. ఆయన పెండ్లాం నాంచారమ్మ పోతా పోతా ఇంటి బీగం చెవి ఎవురికి ఇచ్చింది? నాకే. చూసుకోమ్మా అని నా చేతిలోనే పెట్టింది."

ఆవిడ చీర కొంగుతో ముక్కు తుడుచుకుని మళ్ళీ అందుకుంది.

"ఓబయ్యన్న మంచె మీద ఉండె. నేను చెయ్యి చూపిచ్చింది చూసేవుంటాడు. తిరిగి ఊరికి వచ్చినప్పటి నుంచి నన్ను చూస్తే తల దించుకొని పోతాడు. ఏటా ఆ చిప్ప పెట్టేది ఆయప్పే. చూడు, నీ మొక్కు ఎట్ల ఫలించిందో అని నాకు ఎత్తి చూపేదానికి. నేనేమి చెప్పగలను? మేకలకి వేస్తాను."

నళిని కళ్ళు తుడుచుకుంది. "ఎవురి మీదా పడకుండా అడగొచ్చు కదత్తా?"

"అంతంత కడుపులు అవి. నా చేను వద్దంటే ఇంకొకరి చేనుకి పోవాల్సిందే. వద్దు అనేదానికీ అట్ల పో అనేదానికీ ఏమమ్మా భేదము?"

నళిని దీనికి కాళ్ళతో జవాబు చెప్పింది. టెంకాయ తీసి సంచిలో వేసుకుని వాకిట్లోకి దిగింది.

"రండి. ఆ పెదనాయననే అడుగుదాం. ఆయన సరే అంటే ఇస్తారు కదా?"

"యాడికే? నిలబడు," అంటూ అత్త వెనకే లేచింది. పక్కింటికి కూడా చెప్పుకోలేని మాట కోడలు వెళ్ళి ఓబయ్య వాకిట్లో పెట్టేస్తుందన్న భయం ఆవిడ నడకలోనే తెలుస్తోంది. వాళ్ళ వెనక నేను. ఇంత జరుగుతుంటే ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాదు.

ఓబయ్య వాకిట్లో కూర్చుని కొడవలి నూరుతున్నాడు. నాంచారమ్మ గడపలో అనపకాయలు ఒలుస్తోంది. అత్తని చూడగానే ఓబయ్య ఎప్పటిలాగే తల దించేశాడు. ఇంక వెనక్కి పోలేక అత్త నిలబడిన చోటే అనేసింది.

"అన్నా, ఆ ఏడు సామిని నీ చేనుకి తోలింది నేనే. చెయ్యి చూపిచ్చినాను. నీకు తెలుసు. ఈ పొద్దు నా నోటితో చెప్పాలని వచ్చినాను."

కొడవలి చప్పుడు ఆగింది. "చూసినాను," అన్నాడు ఓబయ్య.

అత్త అక్కడే, మట్టిలోనే కూర్చుండిపోయింది.

"మంచె మీద నుంచి చూసినాను," అన్నాడు ఓబయ్య మళ్ళీ, తల ఎత్తకుండానే. "నువ్వు నన్ను చూడలే. నేను కూడా చూపిచ్చినాను." ఎడమచెయ్యి పక్కకి చాచాడు. "నీ పక్కకి."

నాంచారమ్మ చేతిలో కాయ పక్కన పెట్టి, "మిగతాది కూడా చెప్పు. ఇన్నేండ్లుగా కడుపులో పెట్టుకొని ఉండావు కదా," అంది మొగుడితో.

"ఏముండాది చెప్పేదానికి? నీకు మొగుడు లే. సంకలో బిడ్డ. అట్లాంటి మనిషి చేను మీదికి తోలమని సామిని అడిగినాను, మునెంకటమ్మా. ఆయప్పకి కోపం వచ్చి నా మీదికే తిరిగినాడు. ఆ పొద్దు నుంచి నీ ముఖం ఎట్ల చూసేది నేను?"

అత్త నోరు తెరుచుకుని చూస్తోంది. ఆగలేక నేనే అడిగాను. "మరి ఆ టెంకాయ చిప్ప?"

"తప్పు చేసినాము, దిద్దుకోవాల కదమ్మా. అప్పటి నుంచి రాతి దగ్గర మొదటి మాట మునెంకటమ్మ చేనుకి చెప్తాను. సామీ, ఆ చేను చల్లగా చూడు అని. నా చిప్ప ఆమె గట్టు మీద పెడతాను. నా చేను మాట ఆ తర్వాతే."

"నువ్వు... నా చేనుకా?" అంది అత్త. "నన్ను ఎత్తిపొడుస్తా ఉండావనుకొన్నాను కదన్నా. అన్నీ మేకలకి వేసేసినాను."

"పోనీలే," అంది నాంచారమ్మ. "మీ మేకలు అంత బలంగా ఎందుకుండాయో ఇప్పుడు తెలిసింది."

అత్త నవ్వబోయింది. నవ్వు సగంలో ఏడుపైంది. ఇన్నేళ్ళలో ఆవిడ ఏడవడం నేను చూడలేదు. ఒకరి గింజ తిన్నానన్న బరువుతో ఆవిడ దేవుడి ముందు చేతులు కట్టేసుకుంది. ఆయనేమో అదే బరువుతో ఏటా ఈవిడ కోసం చేతులు జోడించాడు. ఒక్క గట్టు అడ్డం, అంతే. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది, ఇద్దరి మీదా ప్రేమ కూడా వచ్చింది. నాంచారమ్మ నీళ్ళ చెంబు తెచ్చి అత్త పక్కన పెట్టి, తనూ మట్టిలోనే కూర్చుంది.

నళిని మెల్లగా సంచి తెరిచి టెంకాయ బయటికి తీసింది. "పెదనాయనా, అత్త ఇయ్యొచ్చా?"

"నన్నేమి అడుగుతావమ్మా? ఆమె చెయ్యి, ఆమె టెంకాయ."

అత్త టెంకాయ అందుకుంది. కోడలి చేతికి ఇస్తుందనుకున్నాము. ఇవ్వలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, "కర్పూరం ఉండాదా?" అంది.

ఆ సాయంత్రం రాతి దగ్గరికి అత్త వచ్చేసరికి జనం పక్కకి జరిగి దారి ఇచ్చారు. అరటితోట మాదప్ప మాత్రం, వెలిగించబోతున్న కర్పూరం మరిచిపోయి అగ్గిపుల్లతో వేలు కాల్చుకున్నాడు. అత్త టెంకాయ ఒకే దెబ్బకి కొట్టింది, కళ్ళు మూసుకుంది, చేతులు జోడించింది. పెదవులు చాలాసేపు కదిలాయి. నేను చెవులు రిక్కించినా ఒక్క ముక్క వినపడలేదు. తర్వాత ఒక చిప్ప రాతి ముందు పెట్టి, రెండోది పట్టుకుని చేని వైపు నడిచింది. మునిమాపు వెలుగులో ఆవిడ వంగి చిప్ప పెట్టిన చోటు నాకు దూరం నుంచి సరిగా కనిపించలేదు.

తెల్లవారేసరికి సామి వచ్చి పోయాడు. కందకం పూడిన చోట దిగి, అత్త చేనుకీ ఓబయ్య చేనుకీ మధ్య గట్టు పట్టుకుని నడిచాడు. బండి చక్రాలంత అడుగులు. నళిని గట్టు మీద పెట్టిన అనప మొత్తం తిన్నాడు. అటు కొంచెం, ఇటు కొంచెం రాగి తొక్కాడు. మాదప్ప అరటితోటలో రెండు చెట్లు పడ్డాయి. మిగతా పైరంతా నిలబడే ఉంది. ఫారెస్టువాళ్ళు టపాసులు కాల్చడం వల్లనే మంద తిరిగిపోయిందని కుర్రాళ్ళన్నారు. రాతి మహిమ అని ముసలివాళ్ళన్నారు. నేను పిల్లలకి పాఠం చెప్పేదాన్ని, తెలియని సంగతి తెలుసని చెప్పను.

మంద మళ్ళీ ఎప్పుడు దిగుతుందో తెలియదు గనక ఆ పొద్దే కోత పెట్టారు. రెండిళ్ళవాళ్ళూ కలిసి ముందు అత్త చేను, తర్వాత ఓబయ్య చేను అనుకున్నారు. ప్రసాదు షిఫ్టు దిగి తిన్నగా చేనుకే వచ్చాడు. నిలబడిన రాగినీ, కొడవలి పట్టుకున్న పెళ్ళాన్నీ మార్చి మార్చి చూసి, ప్యాంటు మడిచి తనూ దిగాడు. హోసూరు ఇంటి మాట ఎత్తలేదు. నళిని తల ఎత్తకుండా కోస్తోంది గానీ ఆ పిల్ల ముఖం నాకు కనిపిస్తూనే ఉంది. వచ్చే ఏడు గట్టు మీద అనప రెండు సాళ్ళు పెడదాం, ఒకటి మనకి, ఒకటి సామికి అని ఓబయ్య అన్నాడు. సామికే రెండూ చాలవని నాంచారమ్మ అంది.

మధ్యాహ్నం నేను చేనుకి వెళ్ళేసరికి అందరూ గట్టు దగ్గర కూర్చుని రాగిముద్ద తింటున్నారు. నళిని అడగనే అడిగింది.

"నిన్న అంతసేపు ఏమి చెప్పినారత్తా?"

"ఓబయ్యన్న చేను చల్లగా చూడమన్నాను."

"ఊరంతా ఇట్ల పక్క చేనే చూడమంటే సామి యాడికి పోవాల?" అన్నాను నేను. ఊరికే ఉండలేను కదా.

"అది ఆయప్ప చూసుకొంటాడు."

"సరే," అంది నళిని. "మరి మన చేను?"

అత్త ముద్ద తుంచి పులుసులో అద్దుకుంటూ, ఇది కూడా అడగాలా అన్నట్టు కోడలి వైపు చూసింది.

"మనది ఓబయ్యన్న చెప్తాడు కదమ్మా. ఇంక నేను దేనికి చెప్పేది?"

ఓబయ్య తల ఎత్తాడు. దించుకోకుండా అలాగే చూస్తూ నవ్వాడు. ఈలోగా మేక ఒకటి గట్టెక్కి, ఓబయ్య చేని వైపు పెట్టిన టెంకాయ చిప్పని వాసన చూడసాగింది. అత్త తింటున్న ముద్ద ఆకులో పడేసి, ఎంగిలి చేత్తోనే దాన్ని తరమడానికి లేచింది.